అరతిప్పు వదులు

నా కుడిచెయ్యి తప్పు చేసిందని కాగితంలో రాశారు.

పదకొండు పేజీల కాగితం అది. నేను చదివింది రెండో తరగతి వరకే కాబట్టి నా మనవరాలు నూకరత్నం, మా రత్తం, చదివి వినిపించింది. తొమ్మిదో పేజీలో ఉంది ఆ మాట. "తాడులో ఏ లోపమూ లేదు. తాడుకు పని నేర్పిన స్థానిక సహాయకుడి చేతి అలవాటులో లోపం ఉంది." ఆ స్థానిక సహాయకుణ్ని నేనే. పేరు చోడిపల్లి దానయ్య. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. తప్పు తెచ్చి నా చేతి మీద పెట్టారు గాని, ఆ చేతికి ఒక పేరుందని పదకొండు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

మళ్లీ చదవమన్నాను. రత్తం మళ్లీ చదివింది. మూడోసారి చదవమంటే, "ఎన్నిసార్లు ఇంటే మాత్రం మారిపోద్దేటి తాతా?" అంది.

మారదు. అందుకే నేను చెబుతున్నాను, తనని రాయమంటున్నాను.

మాది భీమిలి పక్కన జాలరిపేట. చేపల పడవ మీద చాలా ఏళ్లు బతికాను. నా కొడుకు పోయాక సముద్రం మీదికి వెళ్లడం మానేసి, పేట చివర ఉన్న పందెం పడవల క్లబ్బులో పనికి కుదిరాను. ఆ పడవలకి ఇంజను ఉండదు. రెండు బారల పొడుగు. ఒక తెరచాప, ఒక చుక్కాని. ఎక్కేది ఒక్కరే.

పడవలు నడిపే పిల్లలు ఒడ్డున దిగి స్నానానికి పోయాక నా పని మొదలవుతుంది. మంచినీళ్ల గొట్టం పెట్టి ఉప్పంతా కడగాలి. తెరచాప కట్టే నిలువు కొయ్యని పక్కల నుంచి పట్టుకుని ఉండేవి రెండు వైర్లు, ముందు నుంచి పట్టుకునేది ఒకటి. మాస్టు అంటారు వాళ్లు, మాకది కొయ్యే. ఒక దూదిపింజ తీసుకుని ఒక్కో వైరు మీద పైనుంచి కిందికి దూస్తాను. లోపల సన్నటి పోగు ఒక్కటి తెగినా దూది అక్కడ చిక్కుకుంటుంది. కంటికి కనబడనిది దూదికి దొరుకుతుంది. తర్వాత బిగింపు. వైరు కింద ఒక మర ఉంటుంది. గాలి పలచగా ఉన్న రోజు ఒక తిప్పు వదలాలి, గాలి గట్టిగా ఉన్న రోజు రెండు తిప్పులు బిగించాలి. దాన్ని కొలిచే పరికరం క్లబ్బులో ఉంది. నేను వేలితో మీటుతాను. రెండు పక్కల వైర్లూ ఒకే గొంతుతో పలకాలి. లేదంటే పడవ ఒక వైపు వెళ్లేటప్పుడు పరుగెడుతుంది, ఇంకో వైపు వెళ్లేటప్పుడు కుంటుతుంది.

నేను మీటి పక్కకి జరిగాక కోచ్ పరికరం పెట్టి చూసుకునేవాడు. "కరెక్టే దానయ్యా" అనేవాడు.

"నీ పరికరం కూడా కరెక్టే బాబూ" అనేవాణ్ని.

ఆ కోచే నా గురించి డాక్టర్ ఇందీవరకి చెప్పాడు. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. విశాఖపట్నంలో జీవతంతు అనే ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఒకరోజు పొద్దున్నే జీపులో ఒక ప్లాస్టిక్ తొట్టి దింపించింది. తొట్టి నిండా సముద్రపు నీళ్లు, వాటి అడుగున చుట్ట చుట్టిన తాడు. బురద రంగులో ఉంది. తడిలో తళతళలాడుతోంది.

"తాతగారూ, ఇది బతికున్న తాడు" అంది.

"తాడు బతికుండడవేటమ్మా?"

"మీ ఒడ్డున రాళ్లకి గుల్లలు అంటుకుని ఉంటాయి కదా. అంత కెరటం కొడుతున్నా ఎందుకు ఊడిపోవు?"

"పీచు ఉంటాది దానికి. గెడ్డం లాగ. పీకితే మన గోళ్లే ఊడొచ్చేస్తాయి."

"ఆ పీచుని మేము తొట్లలో పెంచాం. ఇది దానంతటదే బిగుస్తుంది, దానంతటదే వదులవుతుంది. కానీ ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదలాలో దానికి తెలీదు. అది తెలిసిన చెయ్యి ఒకటి రోజూ పట్టుకుని నేర్పాలి. ఒక్క తాడుకి నేర్పితే చాలు. దాన్ని తుంచి పెంచిన పిల్లతాళ్లన్నిటికీ ఆ పని వచ్చేస్తుంది."

"సిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించినట్టా?"

"అచ్చం అంతే. కాకపోతే పలక మీద కాదు, మీ అరచేతి మీద. మీ పట్టు, మీ వేడి, మీ చెమట, అన్నీ చూసుకుంటుంది అది." ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పింది. మంచినీళ్లు తగలనివ్వకూడదు. మంచినీళ్లలో నానితే ఆ తాడు నేర్చుకున్నది మర్చిపోతుంది.

నాకు నవ్వొచ్చింది. రోజంతా మంచినీళ్ల గొట్టం పట్టుకుని తిరిగేవాణ్ని నేను. మర్నాటి నుంచి ఆ గొట్టాన్ని గోడ అవతలకి మార్చేశాను.

రత్తం కూడా ఆ క్లబ్బులోనే పందేలకి పడవ నడుపుతుంది. తాడుని దాని పడవకే కట్టారు. పడవ పేరు వంజరం. పక్కల ఉండే రెండు వైర్లు తీసేసి ఆ తాళ్లే వేశారు. తెరచాపని లాగడానికి, వదలడానికి చేతిలో పట్టుకునే తాడు కూడా అదే వేశారు. రోజూ పొద్దున నేను మర తిప్పేవాణ్ని, తాడు పట్టుకుని గాలి వైపు చూసేవాణ్ని, మీటేవాణ్ని, మళ్లీ తిప్పేవాణ్ని. నా చేతిలో అది సన్నగా వణికేది, చెవి పట్టుకుంటే మేకపిల్ల వణికినట్టు. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఒడ్డున కూర్చుని చిరిగిన తెరచాప కుడుతున్నాను. సముద్రం మీంచి గాలి లేచింది. బిగిద్దామని లేచి వెళ్లేసరికి తాడు అప్పటికే బిగిసి ఉంది. మీటాను. రెండు పక్కలా ఒకే గొంతు. నా చెయ్యి నా భుజానికే ఉంది, అయినా నాకంటే ముందే అక్కడికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు నాకు.

"ఏటయ్యా, అలగున్నావు?" అని మా ఇంటిది దేముడమ్మ అడిగింది.

"నా సెయ్యిని సూసినానే బయట" అన్నాను.

"సూసినోడివి ఆ సెయ్యిని ఇంటికి తెచ్చుకోవాల్సింది. గిన్నెలు తోమడానికి పనికొచ్చును" అంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మనిషి నీళ్ల మీద ఉన్నంతసేపూ మా ఇంట్లో ఏదీ బిగించి ఉంచం. దేముడమ్మ కొప్పు విప్పేస్తుంది. కొంగు ముడి విప్పేస్తుంది. మేక మెడలో తాడు వదులు చేస్తుంది. పచ్చడి జాడీ మూతికి కట్టిన గుడ్డ కూడా ఊడదీస్తుంది. మనిషి ఒడ్డుకి చేరాడని కబురొచ్చాకే మళ్లీ కడుతుంది. మా అమ్మ అలాగే చేసేది, వాళ్లమ్మా అలాగే చేసేది. నేను పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదు.

నా కొడుకు సింహాద్రి పోయిన రోజున పట్టించుకోవాల్సింది. ఆ పొద్దున వాడు ఆలస్యంగా లేచాడు. తొందరలో ఉన్నాడని తెరచాప తాడు నేనే కట్టిచ్చాను. ఊడకూడదని గట్టి ముడి వేశాను. మధ్యాహ్నం ఒక్కసారిగా గాలివాన వచ్చింది. అలాంటప్పుడు తెరచాప తాడు వదిలెయ్యాలి. గాలి జారిపోతుంది, పడవ నిలబడుతుంది. తడిసిన ముడి రాలేదు. పడవ దొరికినప్పుడు చూశాను. తాడు సగం వరకు కత్తితో కోసి ఉంది. మిగతా సగం కొయ్యడానికి వాడికి టైము చాలలేదు. రత్తానికి అప్పుడు మూడేళ్లు.

అది జరిగిన దగ్గర్నుంచి, నా వాళ్లు నీళ్ల మీదికి వెళ్లే పడవకి నేను మర తిప్పితే, చివరి అరతిప్పు దగ్గర చెయ్యి ఆగిపోతుంది. నేను అనుకుని ఆపేది కాదు. దానంతటదే ఆగుతుంది. ఆ అరతిప్పు వదులు ఉంటే గాలి విరుచుకుపడ్డప్పుడు కొయ్య తల కాస్త వాలుతుంది, తెరచాప పైభాగం తెరుచుకుంటుంది, ఎక్కువైన గాలి బయటికి పోతుంది. పడవ కొంచెం నెమ్మదిస్తుంది. మనిషి మిగులుతుంది.

తాడు అది కూడా నేర్చుకుంది. నేను నేర్పుతున్నానని నాకే తెలీదు.

ముందుగా రత్తమే కనిపెట్టింది. తొమ్మిదేళ్లప్పుడు నా వెనకే క్లబ్బుకి వచ్చి పడవెక్కిన పిల్ల, ఇప్పుడు పదిహేడు. "తాతా, గాలి కొడితే నేనిడిసేలోపే అదిడిసేస్తంది" అంది. మొదట్లో మురిసిపోయింది. తాడు అంత తెలివిగా వదులుతోంది కదా అని, దాన్ని అరచేతికి ఒక చుట్టు చుట్టుకోవడం మొదలుపెట్టింది. అలా చుట్టుకుంటే పట్టు జారదు, చెయ్యి అలిసిపోదు.

పడవ నడిపేవాడెవడూ ఆ పని చెయ్యడు. తెరచాప తాడు చేతికి చుట్టుకోకూడదని, చుట్టుకుంటే సమయానికి వదలలేమని మొదటి రోజే చెబుతారు. నేనూ ఎంతమందికో చెప్పాను. రత్తం చుట్టుకోవడం నా కళ్లతో చూశాను, ఏమీ అనలేదు. ఆ చివర ఉన్నది నా చెయ్యే కదా, దాని చేతిని నేనెందుకు బిగిస్తాను అనుకున్నాను.

ఇది నా తప్పు. ఇది రాయి రత్తం, దాచకు. వాళ్లు రాసిన తప్పు కాదు నాది. నాది ఇది.

చలికాలంలో దేశం జట్టుకి ఎంపిక పందేలు పెట్టారు. మూడు పందేలు. మూడింట్లో మొత్తం మీద ముందున్న ఒక్కరినే తీసుకుంటారు. మొదటి పందెం గాలి బాగా ఉన్న రోజు. గాలి విసిరినప్పుడల్లా వంజరం కొంచెం నెమ్మదించింది. రత్తం అర పడవ దూరంలో రెండోదిగా వచ్చింది. రెండో పందెం రోజు గాలి పలచన. తాడుకి వదలాల్సిన పని పడలేదు, రత్తం గెలిచింది. ఇక మూడోది మిగిలింది, వారం తర్వాత.

రెండో పందెం సాయంత్రం ఇందీవర తన కంప్యూటరు పట్టుకుని క్లబ్బు షెడ్డుకి వచ్చింది. వెంట వాళ్ల డైరెక్టరు విశ్వంభర్ కూడా వచ్చాడు. తెల్లచొక్కా, ఎండ కళ్లద్దాలు. షెడ్డులో కూడా తియ్యలేదు వాటిని.

"చూడండి సార్" అని ఇందీవర తెర మీద గీతలు చూపించింది. "ఇదే తాడు, ఇదే గాలి. వేరేవాళ్లు ఎక్కితే బిగిసే ఉంటోంది. రత్నం ఎక్కితేనే వదులుతోంది. ఆ అమ్మాయి చేతిని గుర్తుపడుతోంది. ఆ అమ్మాయి నీళ్ల మీదికి వెళ్లే రోజుల్లో ఈ తాతగారి చెమటలో తేడా ఉంటుంది. తాడు ఆ రెండిటినీ కలిపి నేర్చుకుంది."

"ఏమిటా తేడా?"

ఆవిడ నా వైపు చూసి, గొంతు తగ్గించింది. "భయం సార్."

విశ్వంభర్ నవ్వాడు. "ఏమయ్యా దానయ్యా, మా తాడుకి పిరికితనం నేర్పావా? రేపు దీన్ని వంతెనలకి కడతాం మేము. వంతెనకి కూడా నీకులాగా ఒక మనవరాలుంటుందా?"

"వంతెన మీద నడిసేవోళ్లకుంటారు బాబూ, మనవరాళ్లు" అన్నాను.

నవ్వు ఆగింది. కళ్లద్దాల వెనక ఏముందో నాకు కనబడలేదు. "ఇది దోషం. దీని సంగతి చూడండి" అని ఆవిడకి చెప్పి వెళ్లిపోయాడు.

దోషమట. సింహాద్రి చేతిలో సగం కోసిన తాడు నుంచి పుట్టిందది. పద్నాలుగేళ్లు నా చేతిలో ఉంది. దాన్ని ఒక్క ముక్కలో దోషం అనేసి జీపెక్కాడు.

ఇంటికొచ్చేసరికి రత్తం గుమ్మంలో నిలబడి ఉంది. ఇందీవర దానికి అంతా చెప్పింది.

"నన్ను ఎనక్కి లాగింది గాలి కాదు తాతా. నువ్వే" అంది.

"నేను లాగనేదే. కాసింత వొదిలినాను."

"అర పడవ! అర పడవలో పోనాది నాకు. నాన్న పోనాడని నన్ను కూడా ఒడ్డుకి కట్టీసుకుంటావేటి?"

"కట్టడం కాదే పిల్లా. ఇప్పడం అది."

"నాకు ఇప్పొద్దు! బిగించు! అందరి తాడూ ఎలగుంటాదో నాదీ అలగే ఉండాల!"

"మీరిద్దరూ అరుసుకోండి. ఈలోపున నా పులుసు అడుగంటిపోనాది" అని లోపల్నుంచి దేముడమ్మ కేకేసింది. రత్తం నవ్వలేదు. ఆ పూట నాకు ఎదురుగా కూర్చుని తినలేదు.

మర్నాడు వంజరం షెడ్డులో లేదు. ప్రయోగశాలవాళ్లు తీసుకెళ్లారన్నారు. ఏం చేస్తున్నారని అడిగితే, చిన్న సర్దుబాటు అన్నారు. వారం రోజులు వేరే పడవలకి దూది దూస్తూ కూర్చున్నాను.

మూడో పందెం రోజు పొద్దున్న పడవ ఒడ్డుకి తెచ్చారు. మరల మీద సీళ్లు వేశారు, ఎవరూ ముట్టుకోకూడదని చీటీ అంటించారు. నేను చీటీ చదవలేను కదా. ముట్టుకున్నాను.

తాడు వణకలేదు.

మీటాను. రెండు పక్కలా ఒకే గొంతు పలికింది, తప్పులేదు. కాని నేను పట్టుకున్నానని దానికి తెలియలేదు. ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది. వేలు నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. ఇన్ని నెలలు సముద్రపు నీళ్లలో ఉన్న తాడుకి ఉప్పు లేదంటే అర్థం ఒక్కటే.

"మంచినీళ్లలో పెట్టినారు దీన్ని!" అని అరిచాను. "ఏటి మర్సిపోనాదో సూసినారా? బిగించడం గేపకం ఉంది. ఒదలడం గేపకం ఉందా? ఎవులన్నా సూసినారా?"

విశ్వంభర్ గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. "ఆయన్ని అవతలికి తీసుకెళ్లండి" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. ఇందీవర పక్కనే ఉంది, తల దించుకుంది.

నన్ను పక్కకి జరిపిన వాళ్లని విదిలించుకుని రత్తం దగ్గరికి వెళ్లాను. అది లైఫ్ జాకెట్ కట్టుకుంటోంది.

"ఎక్కొద్దే. ఈ తాడు నాను నేర్పింది కాదు."

"ఒగ్గీ తాతా. నేనే ఒప్పుకున్నాను. దోషం తీసీస్తామంటే సరే అన్నాను. ఈ ఒక్క పందెం నన్ను ఆడనీ."

చాలా చెప్పాను. ఉప్పు లేదని చెప్పాను, తాడు వణకలేదని చెప్పాను, వాళ్ల నాన్న సంగతి ఎత్తాను. అది ఎత్తకుండా ఉండాల్సింది. పిల్ల మొహం గట్టిపడింది. చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, చేతికి చుట్టుకోకు అని. అదొక్కటీ నా నోట్లోంచి రాలేదు. పడవ నీళ్లలోకి దిగిపోయింది.

పందెం రెండు చుట్లు బాగానే నడిచింది. వంజరం అలా పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఒడ్డున జనం ఈలలు వేశారు. మూడో చుట్టులో కొండ మీంచి గాలి దిగింది. దూరంగా నీళ్లు నల్లబడటం నేను చూశాను. రక్షణ పడవ బయల్దేరుతుంటే అడగకుండా దూకి ఎక్కేశాను. ఇందీవర అప్పటికే అందులో ఉంది.

గాలి తగిలేసరికి మిగతా పడవల్లో అందరూ తాడు వదిలారు. తెరచాపలు టపటపా కొట్టుకున్నాయి. వంజరం ఒక్కటే నిటారుగా, బిగిసి, ఇంకా బిగిసి, నీళ్లు చీల్చుకుంటూ పోయింది. ఒడ్డున చప్పట్లు కొట్టారు. గెలుస్తోందనుకున్నారు. తాడుకి బిగించడం ఒక్కటే తెలుసు. గాలి పెరిగిన కొద్దీ అదింకా బిగించింది. కొయ్య వాలలేదు. పడవే వాలింది. బోర్లా పడింది.

మేము వెళ్లేసరికి రత్తం నీళ్ల పైన లేదు.

నేను దూకాను. సింహాద్రి పోయాక సముద్రంలో దిగడం అదే మొదలు. తెరచాప కింద నా చేతికి దాని జుట్టు తగిలింది, తర్వాత మొహం, తర్వాత చెయ్యి. అరచేతి చుట్టూ తాడు, మాంసంలోకి దిగిపోయి, ఇంకా బిగుస్తోంది. పిల్లని కిందికి లాగి పట్టుకుంది. తాడుని నా రెండు చేతులతో పట్టుకున్నాను. ఇన్ని నెలలూ ఇదే పట్టుతో పట్టుకున్నాను కదా. వదులు, వదులు అని లోపలే అనుకున్నాను. నన్ను గుర్తుపట్టలేదు. నా భయం మొత్తం ఆ అరచేతుల్లోనే ఉంది, దానికి చదవడం రాలేదు.

మొలలో కత్తి తీశాను. పీచు తాడు కదా, తొందరగా తెగదు. సగం కోశాను. ఊపిరి అయిపోయింది. సింహాద్రి ఇక్కడే ఆగిపోయాడు. నేను ఆగలేదు. మిగతా సగం కూడా కోశాను.

రత్తం బతికింది. పడవలోకి లాగాక నీళ్లు కక్కింది, నన్ను తిట్టింది, ఏడ్చింది. కుడిచెయ్యి మాత్రం బతకలేదు. ఉంది, కదులుతుంది కాస్త. నాలుగు వేళ్లకి స్పర్శ లేదు. నరాలు నలిగిపోయాయి, ఇక రావన్నారు. జట్టులోకి వేరే అమ్మాయిని తీసుకున్నారు.

దేముడమ్మ ఆసుపత్రిలో మంచం పక్కన నేల మీద కూర్చుంది. పిల్ల ఒడ్డుకి చేరి నాలుగు రోజులైనా కొప్పు ముడవలేదు.

నెల తర్వాత ప్రయోగశాలలో విచారణ పెట్టారు. పెద్ద గది, పొడుగాటి బల్ల. అవతలి వైపు విశ్వంభర్, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు, చివరన ఇందీవర. ఇవతలి వైపు నేను, రత్తం. బల్ల మధ్యలో ఒక పళ్లెంలో సముద్రపు నీళ్లు, అందులో నేను కోసిన తాడు ముక్క. ఇంకా బతికే ఉంది.

విశ్వంభర్ పదకొండు పేజీలూ చదవలేదు. తొమ్మిదో పేజీ చదివాడు.

"అర్థమైందా దానయ్యా? తాడు నువ్వు నేర్పిందే చేసింది. బిగించమని నేర్పావు, బిగించింది."

"ఒదలడం కూడా నేర్పినాను బాబూ. అప్పుడు దాన్ని దోషవన్నారు."

"అది అమ్మాయి ఒప్పుకుంటేనే తీసేశాం."

"దోషం తీసేస్తామన్నారు" అంది రత్తం. "ఒదలడమే తీసేస్తామని సెప్పనేదు."

పెద్దమనుషుల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "చూడండి, తాడుని మేము పరీక్షించాం. తాడులో ఏ లోపమూ లేదు."

"లోపం నేదు కదా?" అన్నాను.

"లేదు."

నేను లేచి పళ్లెం తీసి విశ్వంభర్ ముందు పెట్టాను. "అయితే బాబూ, మీ సేతికి ఒక్క సుట్టు సుట్టుకోండి."

"ఏమిటీ నాటకం?"

"ఇక్కడ గాలి నేదు, కెరటం నేదు. ఉత్తి బల్ల. లోపం నేని తాడు. నా మనవరాలు సుట్టుకున్నట్టే ఒక్క సుట్టు."

పైన ఫ్యాను తిరుగుతోంది. విశ్వంభర్ రెండు చేతులూ బల్ల మీద ఉన్నాయి. చూస్తూండగా కుడిచెయ్యి మెల్లిగా జారి బల్ల కిందికి వెళ్లిపోయింది. తర్వాత ఎడమది కూడా.

అప్పుడు ఇందీవర లేచింది. "ఏడు రోజులు మంచినీళ్లలో ఉంచింది నేను" అంది. "వదలడం కూడా పోవచ్చని ముందే చెప్పాను. గెలవడానికి బిగించడం చాలు అని సార్ అన్నారు. తేదీతో సహా నా నోటుబుక్కులో ఉంది. ఈ పదకొండు పేజీల్లోకి అది ఎక్కలేదు."

"కూర్చోండి ఇందీవరా."

ఆవిడ కూర్చోలేదు. నిలబడే ఉంది. ఆ మాట నెల ముందు ఒడ్డున అని ఉంటే ఎంత బాగుండేది. ఆవిడ మీద కోపం పోలేదు నాకు. కాని నిలబడిందని చెప్పకపోతే నేనూ వాళ్లలాగే సగమే రాయించినవాణ్ని అవుతాను.

అయినా ఆ కాగితం మారలేదు. విచారణ ముగిసిందన్నారు. మేము మెట్లు దిగుతుంటే విశ్వంభర్ వెనకాలే వచ్చాడు. ఈసారి గొంతులో మెత్తదనం ఉంది. వదలడం రాని తాడు దేనికీ పనికిరావడం లేదట. కొత్త తాడు పెంచుతున్నారట. దానికి మొదటి నుంచి నేర్పాలట.

"ఈసారి నీ పేరు కూడా వేస్తాం దానయ్యా" అన్నాడు.

మెట్ల మీదే నిలబడిపోయాను. "తప్పుడు సెయ్యని రాసినారు కదా బాబూ. తప్పుడు సేతితో మీకేటి పని?" అన్నాను. రత్తం నా మోచెయ్యి పట్టుకుని కిందికి దింపింది, తన ఎడమచేత్తో.

నేను నెమ్మదిగా మాట్లాడతానని అందరూ అంటారు. నిజమే, మొదట్నుంచీ అంతే. ఇది మాత్రం ఇంకా నెమ్మదిగా చెప్పాను. రాసే చెయ్యి ఎడమది. ఒక్కో అక్షరం దిద్దుకుంటోంది పిల్ల. మధ్యలో రెండుసార్లు ఆపేద్దామన్నాను. వద్దు, చెప్పు అంది.

రేపు పొద్దున రత్తం మళ్లీ పడవెక్కుతోంది. పందెం కాదు, ఊరికే. తాడు ఎడమచేత్తో పట్టుకుంటుంది, చుక్కాని కుడి మోచేతి కింద అదుముకుంటుంది. ఈ సాయంత్రం వంజరానికి పాత ఉక్కు వైర్లే వేశాను. దూది దూశాను, మర తిప్పాను, మీటాను. చివరి అరతిప్పు దగ్గర చెయ్యి ఆగింది. రత్తం పక్కనే నిలబడి చూస్తోంది. బిగించమంటుందేమో అనుకున్నాను. అది వంగి, రెండో పక్క మర ఎడమచేత్తో పట్టుకుని, అరతిప్పు వెనక్కి తిప్పింది. తర్వాత రెండు వైర్లూ తనే మీటింది. ఒకే గొంతు పలికాయి.

"ఆకర్ని ఏటి రాయమంటావు తాతా? స్థానిక సహాయకుడనా?" అని అడుగుతోంది.

చోడిపల్లి దానయ్య అని రాయి. ఆ కింద నీ పేరు కూడా రాయి, పూర్తిగా. వంకరగా వచ్చినా పరవాలేదు.

చోడిపల్లి దానయ్య
చోడిపల్లి నూకరత్నం